జీటీకే 3 నుంచి 4కి: ముందు డైలాగుల సంగతి చూడండి

విండోలు, బటన్లు ఉండే ప్రోగ్రాంలు రాయడానికి వాడే లైబ్రరీ జీటీకే. దాని 3వ వెర్షన్‌లో రాసిన ప్రోగ్రాంతో నేరుగా జీటీకే 4 మీదికి దూకొద్దు. మొదట పాత ప్రోగ్రాంని 3.24కి తెచ్చి, కాలం చెల్లిన ఫంక్షన్లను ఆపేసే మాక్రో పెట్టి కంపైల్ చేయండి. అప్పుడొచ్చే ఎర్రర్లన్నీ తీర్చాకే మార్పిడి మొదలుపెట్టండి. లేకపోతే ఏ తప్పు ఎక్కడిదో తేల్చుకోలేరు.

పేర్ల మార్పు తేలికే. కంటైనర్ క్లాస్ పోయింది, ప్యాక్ స్టార్ట్ స్థానంలో బాక్స్ అపెండ్ వచ్చింది. అయితే పాత ఎక్స్‌పాండ్ విలువను (ఖాళీ చోటును నింపేలా సాగాలా వద్దా అన్నది) విడ్జెట్‌కే, అంటే ఆ బటన్‌కో పెట్టెకో, అడ్డంగా సాగాలంటే హెచ్‌ఎక్స్‌పాండ్‌గానో నిలువుగా సాగాలంటే వీఎక్స్‌పాండ్‌గానో ఇవ్వాలి. మర్చిపోతే విండో పెద్దది చేసినా టెక్స్ట్ పెట్టె ఉన్నచోటే ముడుచుకుని ఉంటుంది. విండోల రూపాన్ని రాసిపెట్టుకునే యూఐ ఫైళ్లకు జీటీకే4 బిల్డర్ టూల్‌లోని 3టూ4 ఆప్షన్ చాలావరకు పని చేసిపెడుతుంది. మిగిలింది చేత్తో దిద్దుకోవాలి.

అసలు కష్టం డైలాగ్‌ను, అంటే యూజర్‌ను ఏదైనా అడిగే చిన్న విండోను, చూపించే డైలాగ్ రన్ ఫంక్షన్‌తోనే. పాత కోడ్ ఆ లైన్ దగ్గర ఆగి, జవాబు వచ్చాక కిందికి నడిచేది. 4లో ఆ ఫంక్షనే లేదు. డైలాగ్ చూపించి, ‘రెస్పాన్స్’ సిగ్నల్‌కు కాల్‌బ్యాక్ (జవాబు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) తగిలించాలి. ఇక్కడే చాలామంది లోకల్ వేరియబుల్ అడ్రస్‌ను కాల్‌బ్యాక్‌కి పంపేస్తారు. యూజర్ బటన్ నొక్కేసరికి డైలాగ్ చూపించిన ఫంక్షన్ ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది, ఆ అడ్రస్‌లో చెత్త ఉంటుంది, ప్రోగ్రాం కూలుతుంది. కావలసిన డేటాను హీప్‌లో (ఫంక్షన్ ముగిసినా నిలిచే మెమరీలో) పెట్టి, కాల్‌బ్యాక్ చివర ఫ్రీ చేయండి. విండో మూసేస్తే జవాబుగా -4 వస్తుంది, దాన్నీ రద్దుగానే చూడాలి. డైలాగ్ క్లాసుకే 4.10లో కాలం చెల్లింది కాబట్టి, కొత్తగా రాసేచోట అలర్ట్ డైలాగ్, ఫైల్ డైలాగ్ వాడడమే మేలు.