ఒకే డిసెంబరు

"నాన్నా, ఇదీ డిసెంబరే!" మా అమ్మాయి మూడోసారి అరిచింది. రేపు దానికి క్విజ్. కార్డులు పట్టుకుని అడుగుతున్నది నేను, టెన్షన్ మాత్రం దానికి లేదు.

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని ఐదో జార్జి ప్రకటించాడు. తరవాతి కార్డు తీస్తే 14వ తేదీ: నార్వే అన్వేషకుడు అముండ్సెన్, మరో నలుగురు అందరికన్నా ముందు దక్షిణ ధ్రువం చేరారు. అంతకు ముందే 10న స్టాక్‌హోంలో మేరీ క్యూరీకి రెండో నోబెల్. (రావొద్దని నోబెల్ కమిటీ పెద్దమనిషి ఒకాయన ఉత్తరం రాసినా వెళ్లిందట. భలే మనిషి.) 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మన జాతీయ గీతం మొదటిసారి పాడారు.

విడివిడిగా ఇవన్నీ నాకు తెలుసు. పక్కపక్కనే ఉన్నాయని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

"మరి అముండ్సెన్ గెలిచాడని, ఆయనకి పోటీగా బయల్దేరిన ఇంగ్లీషు స్కాట్‌కి ఎవరు చెప్పారు?" అంది.

ఎవరూ చెప్పలేదమ్మా. స్కాట్ అప్పటికి ఇంకా దారిలోనే ఉన్నాడు. 1912 జనవరి 17న అక్కడికి చేరితే, మర్నాడు మంచులో నార్వేవాళ్ల గుడారం కనపడింది. లోపల ఆయన పేరు మీదే ఓ చీటీ. బయటి ప్రపంచానికి ఆ కబురు తెలిసేసరికి మార్చి వచ్చింది.

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే నెల రోజులు ఊరికే నడిచాడా?" అంది.

తరవాతి కార్డు తీయబుద్ధి కాలేదు. టీ కూడా చల్లారిపోయింది.