బుల్లి మొదటి వేట

తుపాకీ పెద్దాయనది, కుక్క నాది. ఆ ఒప్పందం మీదే తెల్లవారుజామున మూడున్నరకు అమెరికాలోని సూ ఫాల్స్ నుంచి బయల్దేరాం. పెద్దాయన మా ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యారు, బుల్లి ఆయన కుక్కకు పుట్టిన పిల్లే. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, అంటే పక్షి వాసన తగలగానే కదలకుండా నిలబడి చూపించే వేటకుక్క జాతి. ఇంకా ఏడాది నిండలేదు. మేముండే సౌత్ డకోటా రాష్ట్రంలో షార్ప్‌టెయిల్ గ్రౌస్ అనే, కోడిలాంటి గడ్డిమైదానాల పక్షి వేట సీజన్ సెప్టెంబరు మూడో శనివారం మొదలవుతుంది, మొదటి రోజే పిల్లను గడ్డిలో దింపాలని ఆయన పట్టు. నాకు కాల్చడం రాదు, నేర్చుకోవాలనీ లేదు. కుక్క ఏం చేస్తుందో చూడాలనే నేను వెళ్ళింది.

మిస్సోరి నది దాటి కాస్త దక్షిణానికి పోతే ఫోర్ట్ పీర్ నేషనల్ గ్రాస్‌లాండ్. లక్ష ఎకరాలకు పైమాటే, అంతా గడ్డి, చెట్టు అన్నది ఎక్కడో వాగు పక్కన తప్ప కనబడదు. 1930లలో కరువుకూ దుమ్ము తుఫాన్లకూ తట్టుకోలేక రైతులు వదిలేసి పోయిన భూములను ప్రభుత్వం కొని గడ్డికి వదిలింది. మాది అనంతపురం జిల్లా, ఆ కథ నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

దిగగానే పెద్దాయన చేసిన మొదటి పని గుప్పెడు ఎండుగడ్డి నలిపి పైకి విసరడం. గాలి వాయవ్యం నుంచి వస్తోంది, కాబట్టి మేమూ అటే నడవాలి, వాసన కుక్క ముక్కుకు ఎదురు రావాలి. బుల్లికి ఇవేం పట్టలేదు. మెడోలార్క్ పిట్ట లేస్తే దాని వెంట, మిడత ఎగిరితే దాని వెంట. ఓ గుట్ట వెనక గ్రౌస్‌ల గుంపు కనబడగానే నేరుగా వాటి మధ్యలోకి దూకింది, అవి కక్ కక్ కక్ అంటూ నవ్వుతున్నట్టే లేచి రెండు గుట్టల అవతలికి పోయాయి. పెద్దాయన తుపాకీ ఎత్తను కూడా లేదు. కుక్క తరిమి లేపిన పక్షిని కాలిస్తే తరమడమే పని అనుకుంటుందట. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు, నడక, నడక. ఎండ ఎక్కుతోంది. అడవి గులాబీ పొదల దగ్గరికి వచ్చేసరికి బుల్లి పరుగు మధ్యలోనే మెడ పక్కకు తిప్పి ఆగిపోయింది, కాళ్ళు ఒకవైపు, ముక్కు ఇంకోవైపు. ముందరి కాలు ఒకటి గాల్లోనే ఉంది. మొండి తోక బిగుసుకుపోయింది, వెనక తొడ మీద కండరం ఒక్కటే సన్నగా అదురుతోంది. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డా కన్ను తిప్పలేదు. ఇది నేను నేర్పింది కాదు, ఎవరూ నేర్పింది కాదు. ఇంట్లో సోఫా కింద చెప్పులు దాచే కుక్క ఇదేనా అనిపించింది. పెద్దాయన నెమ్మదిగా ముందుకు నడిచారు, రెండు పక్షులు లేచాయి, ఒకటి పడింది. బుల్లి పరుగెత్తుకెళ్ళి దాని మీద నిలబడింది గానీ తీసుకురాలేదు, నోట్లో రెండు ఈకలతో మావైపు చూసింది.

పక్షిని చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. రొమ్ము మీద గోధుమరంగు వి ఆకారం గుర్తులు, కాళ్ళకు వేళ్ళ దాకా ఈకలు, ఇక్కడి చలికి అవి ఉండాల్సిందే. మెడ కింద మేత సంచి కోస్తే మిడతలు, ఎర్రటి గులాబీ కాయలు. ఎక్కడ వెతకాలో పక్షే చెప్తుంది అన్నారు పెద్దాయన, ఆ తర్వాత గులాబీ పొదల వెంటే నడిచాం, ఇంకొకటి దొరికింది.

రోజుకు మూడు కొట్టొచ్చు. అయినా పదింటికల్లా ఆపేశాం. నీళ్ళ సీసాలు ఖాళీ, బుల్లి నాలుక బారెడు బయటికి వచ్చింది, పైగా ముందరి కాలు ఎత్తి ఎత్తి నడుస్తోంది. చూస్తే నాగజెముడు ముల్లు. అవును, మన నాగజెముడే, కాకపోతే జానెడు కూడా ఎదగకుండా గడ్డిలో దాక్కుంటుంది. పెద్దాయన జేబులోంచి చిన్న ప్లయర్ తీసి లాగేశారు, బుల్లి కుయ్యిమనను కూడా లేదు.

దారిలో అమ్మ ఫోన్. "పక్షుల్ని చంపేకి పోయినావా, అదీ శనివారం పూట?" అంది. నేను చంపలేదమ్మా అంటే, కుక్క నీదే కదా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు మా పక్క ఊళ్ళో కౌజు పిట్టల్ని వలేసి పట్టేవాళ్ళు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి అక్కడ ఎవరికి తెలుసు. ఇక్కడేమో లైసెన్సు, రోజుకింతని లెక్క, అన్నీ పక్కాగా ఉన్నాయి, అయినా అమ్మ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

రెండు పక్షులనూ పెద్దాయన నాకే ఇచ్చేశారు. శనివారం మా ఇంట్లో పొయ్యి మీదకు మాంసం ఎక్కదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఆదివారం మిరియాలు దంచి వేపుడు చేశాం. కోడిమాంసం లాంటిది కాదు, నల్లగా ఉంటుంది, కొంచెం లివర్ రుచి. మనవాళ్ళలా మెత్తగా అయ్యేదాకా పొయ్యి మీదే ఉంచితే గట్టిపడిపోతుందని తిన్నాక తెలిసింది.

అక్టోబరు మూడో శనివారం ఫెజెంట్లనే పొడవు తోక పక్షుల సీజన్ మొదలు. అవి గ్రౌస్‌లలాగా లేవవట, గడ్డిలోనే పరుగెత్తి తప్పించుకుంటాయట, కదలకుండా నిలబడే కుక్కకు అసలు పరీక్ష అదే అంటున్నారు పెద్దాయన. ఈలోపు బుల్లికి తెచ్చివ్వడం నేర్పమన్నారు. పెరట్లో పాత సాక్సుతో మొదలుపెట్టాను, ఇప్పటికైతే సాక్సు తీసుకుని పక్కింటికి పోతోంది.