మిడ్ అంటే ఏమిటో నాకెవరూ చెప్పలేదు

మా ఇంట్లో నాకంటే ముందు ఇంటర్ దాటినవాళ్లు లేరు. నల్గొండ పక్క పల్లెటూరు మాది. 2017లో హైదరాబాద్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటు రాగానే, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాం.

ఇంటర్లో క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ ఎట్లా రాసినా అడిగేవాళ్లుండరు, పబ్లిక్ పరీక్షే లెక్క. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష కూడా అలాంటిదే అనుకున్నాను. మొదటి మిడ్ ముందురోజు ఊళ్లో పత్తి ఏరుతున్నాను! అప్పటి జేఎన్‌టీయూ యూనివర్సిటీ లెక్కలో సబ్జెక్టుకు మిడ్ మార్కులు కలిసే ఇంటర్నల్స్ 25, చివర్లో సెమిస్టర్ పరీక్ష 75. బయటి పరీక్షలో 26 వస్తే చాలని సీనియర్లు అంటుంటే విన్నాను. రెండూ కలిపి 40 రావాలన్న సంగతి మాత్రం నా చెవిన పడలేదు. మ్యాథ్స్‌లో ఇంటర్నల్ 6, పరీక్షలో 28. మొత్తం 34, ఫెయిల్. బతుకమ్మకు పోయి పత్తి పనికి ఆగిపోవడంతో హాజరు 67 శాతానికి పడింది. 75 ఉండాలి. హాజరు తగ్గినందుకు కట్టే కండొనేషన్ ఫీజు కట్టి, డిటెయిన్ అయి ఆ సెమిస్టర్ మళ్లీ చదివే పని లేకుండా బయటపడ్డాను.

2024లో చిన్నాయన కూతురు ఇంజనీరింగ్ సీటు కోసం ఎప్‌సెట్ రాసింది. ఈసారి నేనున్నాను కదా.

కౌన్సెలింగ్ అనగానే అందరూ సర్టిఫికెట్ల మీద పడతారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, స్లాట్ బుకింగ్, అవన్నీ ఎలాగో అయిపోతాయి. మేం ఎక్కువసేపు కూర్చున్నది డబ్బు లెక్క దగ్గర. "రీయింబర్స్‌మెంట్ ఉంటే మొత్తం సర్కారే కడ్తది గదా" అన్నాడు చిన్నాయన. మేం బీసీలం, చెల్లెకు ర్యాంకు పదివేలు దాటింది, ఇంటర్ ప్రైవేటులో చదివింది. సర్కారు ఇచ్చేది 35,000, మిగతాది మనమే కట్టుకోవాలి. ఆ 35,000 కూడా ఎప్పుడొస్తుందో తెలియదు. అది రాలేదనే మా కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపి, నాతో కట్టించుకున్నాకే ఇచ్చింది. అందుకే ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ప్రతి కాలేజీ పేరు పక్కన ఫీజు, 35,000 పోగా మిగిలేది చెల్లెతోనే నోటుబుక్కులో రాయించాను. పెద్ద పేరున్న రెండు కాలేజీలను తనే కొట్టేసింది. నాకు మనసొప్పలేదు గానీ, లెక్క తనదే కరెక్టు.

మీసేవలో ఆదాయం సర్టిఫికెట్‌కు పోయినప్పుడు చెల్లె నా వెనక నిలబడి నా చొక్కా లాగుతోంది, నువ్వే అడుగు అన్నట్టు. టీ తాగొస్తానని చెప్పి బయటికి పోయాను. పావుగంట తర్వాత చూస్తే లైన్లోనే ఉంది, ముందుకు జరగలేదు. ఆ రోజు పని కాలేదు. మర్నాడు ఒక్కతే పోయి చేయించుకొచ్చింది.

చేరడానికి వారం ముందు చిన్నాయనతో కూర్చున్నాను. పత్తి ఏరడానికి చెల్లెను పిలవొద్దన్నాను.

"రెండ్రోజులకే ఏమైతది రా? నిన్ను పిలవలేదా, నువ్వు చదవలేదా?"

ఫెయిలైన మ్యాథ్స్ మళ్లీ సప్లీ రాశానని ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో దాచుకున్న పాత మార్కుల మెమో చూపించాను. ఆయనకు అంకెలు తెలుసు, ఎఫ్ అంటే ఏమిటో నేనే చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. "మరి అప్పుడే చెప్పొద్దా" అన్నాడు చివరికి. ఎవరికి చెప్పాలో తెలిస్తే కదా.

ఆ దసరాకు చెల్లె సెలవుల్లోనే వచ్చి సెలవుల్లోనే వెళ్లింది. పత్తికి చిన్నాయన కూలోళ్లను పెట్టుకున్నాడు. ఆ ఖర్చు గురించి ఇప్పటికీ నన్ను సతాయిస్తుంటాడు.

ఇప్పుడు ఇంటర్నల్స్‌కు 40 మార్కులు. మొదటి మిడ్ పేపర్లు ఇచ్చిన రోజు చెల్లె ఫోన్ చేసింది.

"అన్నా, సార్ రెండు మార్కులు కూడుడు మరిచిండు."

"మరి?"

"అడిగిన. వేసిండు. ల్యాబ్ టైమైంది, పెట్టేస్తున్న."