కోచ్ ప్రోమ్ తిరిగొచ్చాడు, 2015 రాలేదు

మా అమ్మకి ఇప్పటికీ అది 'మర్రి'యే. 2014 ఆగస్టులో నేను ఎమ్మెస్ చదవడానికి దిగిన ఊరు మర్రే, కెంటకీ రాష్ట్రంలో పడమటి కొసన ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా "మర్రిలో చలి ఎలా ఉందిరా?" అని అడిగేది. చలి బాగానే ఉండేది. కారు లేదు. డైనింగ్ హాల్లో గిన్నెల డ్యూటీ అయ్యాక రూముకెళ్ళి పడుకోవడం తప్ప పనేమీ ఉండేది కాదు. ఓ రోజు మా నెల్లూరు రూమ్మేట్ వచ్చి, "ఐడీ కార్డు చూపిస్తే బాస్కెట్‌బాల్ ఆట ఫ్రీ అంట, లోపల వెచ్చగా కూడా ఉంటుందిరా" అన్నాడు. మా మర్రే స్టేట్ యూనివర్సిటీ జట్టు పేరు రేసర్స్. నేను వాళ్ళ అభిమానిని అయింది ఆ వెచ్చదనం కోసమే, దాచడానికేముంది.

అప్పటికి నాకు తెలిసిన బాస్కెట్‌బాల్ అంతా మా హైస్కూల్ గ్రౌండులో తుప్పు పట్టిన రింగే. కానీ ఆ సీజన్ ఎవరినైనా మార్చేస్తుంది. మొదట్లో 2 గెలిచి 4 ఓడారు. ఆ తర్వాత వరసగా 25 గెలిచారు. కామెరాన్ పేన్ అనే బక్కపల్చటి ఎడమచేతి వాటం కుర్రాడు బంతి పట్టుకుంటే హాలంతా లేచి నిలబడేది. కోర్టు పక్కన నిలబడే కోచ్ స్టీవ్ ప్రోమ్. 2011లో హెడ్ కోచ్ అయిన తొలి ఏడాదే జట్టును 31 గెలుపులు, 2 ఓటములతో నడిపించినవాడు. అంతకు ముందు ఐదేళ్ళు అక్కడే అసిస్టెంట్.

2015 మార్చిలో కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే మా లీగు ఫైనల్. బెల్మాంట్ అనే యూనివర్సిటీ మీద, నాష్‌విల్‌లో. మేం ఎనిమిది మందిమి ఒక్క రూములో, మధ్యలో పులిహోర గిన్నె. ఆఖరి క్షణాల్లో బెల్మాంట్ కుర్రాడు టేలర్ బార్నెట్ మూడు పాయింట్ల షాటు కొట్టాడు. 88-87. ఒక్క పాయింటు. ఎవరూ మాట్లాడలేదు, పులిహోర అలాగే ఉండిపోయింది. పెద్ద లీగులో ఉన్న జట్టయితే అన్ని గెలుపులకు ఎన్‌సీఏఏ టోర్నమెంటులో, అంటే కాలేజీ జట్ల అతి పెద్ద పోటీలో, చోటు ఎలాగూ వచ్చేది. మాలాంటి చిన్న లీగు జట్టుకి రాలేదు. రెండో టోర్నమెంటు ఎన్ఐటీకి పంపారు. అక్కడ కూడా ఓల్డ్ డొమీనియన్ చేతిలో చివరి షాటుకే పోయింది.

జూన్‌లో ప్రోమ్ బిగ్ 12 అనే పెద్ద లీగులో ఆడే అయోవా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. అక్కడి కోచ్ ఫ్రెడ్ హోయ్‌బర్గ్ ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలోని చికాగో బుల్స్‌కి పోవడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. నాకు కోపం రాలేదు. చిన్న ఊళ్ళో బాగా చెప్పే లెక్కల మాస్టారిని హైదరాబాద్ పిలిస్తే వెళ్ళడా? అక్కడ ప్రోమ్‌కి తొలి ఏడాదే స్వీట్ 16 (ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చివరి పదహారు జట్లలో చోటు), తర్వాత రెండు బిగ్ 12 టోర్నమెంటు టైటిళ్ళు. నేను నాష్‌విల్‌లో ఉద్యోగంలో చేరాక కూడా ఆ స్కోర్లు చూస్తూనే ఉన్నాను. తర్వాత కోవిడ్ సీజన్ వచ్చింది. 2 గెలుపులు, 22 ఓటములు. బిగ్ 12లో ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. తీసేశారు.

ఈలోగా మర్రేలో మ్యాట్ మెక్‌మాన్ కోచ్‌గా జా మొరాంట్ (తర్వాత ఎన్‌బీఏ స్టార్) ఆడి వెళ్ళాడు, 2022లో జట్టు 31-3 చేసింది. వెంటనే మెక్‌మాన్‌ని ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తీసుకుంది. ఆ ఖాళీలోకి మళ్ళీ ప్రోమ్! వార్త ఆఫీసులో చూశాను. రూమ్మేట్‌కి ఫోన్ చేస్తే వాడు "పెద్దాయన ఇంటికొచ్చాడ్రా" అని అరిచాడు.

ఇల్లు అదే, కానీ లోపల సామానే లేదు. మంచి ఆటగాళ్ళు కేజే విలియమ్స్, జస్టిస్ హిల్, ట్రే హానిబల్ మెక్‌మాన్ వెంటే లూసియానా వెళ్ళారు. ఇప్పుడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు పెట్టుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది. ఆటగాడు మొదటిసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చునే పాత రూలు 2021లో పోయింది, డబ్బు తీసుకోవడానికీ అనుమతి వచ్చింది. మనకి తెలిసిన పనే అది. ఊరి బడి మాస్టారు ముక్కీ మూలిగీ ఒక ర్యాంకర్‌ని తయారుచేస్తే, కార్పొరేట్ కాలేజీ వాళ్ళు ఫ్రీ సీటు, ఫ్రీ హాస్టల్ అని ఎత్తుకుపోరూ? అదే. పైగా అదే వేసవిలో మర్రే పాత లీగు వదిలి మిస్సోరి వ్యాలీలో చేరింది, అక్కడ ప్రతి రాత్రీ గట్టి జట్టే. బెల్మాంట్ కూడా అదే ఏడాది అదే లీగుకొచ్చింది. పీడ వదల్లేదు.

ఆ చలికాలం ఓ శనివారం మా ఆవిడని తీసుకుని రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. ప్రోమ్ బయటికి రాగానే జనం లేచారు, నేనూ లేచాను. ఆయన జుట్టు నెరిసినట్టు నాకే అనిపించిందేమో. మా ఆవిడ మాత్రం కోర్టు వైపు చూసి, "వీళ్ళలో నువ్వు చెప్పిన పేన్ ఎవరు?" అంది. పేన్ ఎన్‌బీఏకి వెళ్ళి అప్పటికి ఏడేళ్ళు! నవ్వాను గానీ, నిజం చెప్పాలంటే నేనూ వాడి కోసమే వెతుకుతున్నాను. ఆ హాల్లో నా వయసు వాళ్ళంతా అదే పనిలో ఉన్నట్టున్నారు. ప్రతి పాస్‌కీ "అప్పుడైతే..." అని వెనక వరసలో ఎవరో గొణిగారు.

గెలుపు-ఓటములు 17-15, 12-20, 16-17. మూడు సీజన్లు, ఎన్‌సీఏఏ టోర్నమెంటు ఒక్కసారీ లేదు. 2025 మార్చిలో ప్రోమ్, కాలేజీ విడిపోయారు. మొదటిసారి నాలుగేళ్ళలో 104 గెలిచి 29 ఓడిన మనిషి. గ్రూపులో మా సీనియర్ ఒకాయన "అసలు తిరిగి రాకుండా ఉండాల్సింది, ఉన్న పేరు ఉండేది" అని రాశాడు. నేను ఒప్పుకోలేదు, అర్ధరాత్రి దాకా వాదించాను. ఉద్యోగం పోయిన మనిషి తెలిసిన ఊరు పిలిస్తే పేరు పోతుందని లెక్కలేసుకుని ఇంట్లో కూర్చోవాలా?

కొత్త కోచ్ రయన్ మిల్లర్, క్రైటన్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. బెల్మాంట్ హాలు నాష్‌విల్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. మర్రే అక్కడికి ఆడటానికి వచ్చే రోజుకి టికెట్లు రెండు తీస్తానన్నాను. గుర్రం బొమ్మ ఉన్న పాత టీషర్టు పొట్ట దగ్గర పట్టేస్తోందని మా ఆవిడ అంటోంది. అయినా అదే వేసుకుంటాను.