ఏడో తరగతి అజ్‌టెక్ పాఠం: ఇంట్లో ఏం చెప్పాలి

కాలిఫోర్నియా స్కూళ్లలో ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో ప్రాచీన భారతం వస్తుంది. ఏడో తరగతిలో మాయా, అజ్‌టెక్, ఇంకాలు వస్తారు. ఆరులో కులం, ఆవు, "మీకు ఎంతమంది దేవుళ్లు" అన్న ప్రశ్నలు మన పిల్లల మీద పడతాయి. ఏడుకొచ్చేసరికి వంతు మారుతుంది. గుండె పెకలిస్తున్న పూజారి బొమ్మ చూసి క్లాసంతా "యాక్" అంటుంటే, అదే క్లాసులో మెక్సికో మూలాలున్న పిల్లలూ కూర్చుని ఉంటారు. మన పిల్లలు ఆ గోలలో గొంతు కలపకుండా ఉండాలంటే "అలా అనకూడదు నాన్నా" అన్న ఒక్క మాట చాలదు. వాళ్లకు విషయం తెలియాలి, అంతకంటే ముందు మనకు తెలియాలి.

మొదట పేరు. అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ (ఇప్పటి మెక్సికో నగరం ఉన్నచోటు) వాసులు తమను తాము మెషీకాలు అనుకునేవారు. మెక్సికో అన్న పేరు అందులోంచే వచ్చింది. వాళ్ల భాష నవాట్ల్. 2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో ఇప్పటికీ 16 లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. కాబట్టి "అంతరించిపోయిన జాతి" అని ప్రాజెక్టులో రాయనివ్వకండి. 1325లో సరస్సు మధ్య దీవిలో నగరం కట్టారు, 1428లో తెష్కోకో, త్లాకోపాన్ నగరాలతో కూటమి కట్టి సామ్రాజ్యం లేపారు, 1521 ఆగస్టు 13న స్పానిష్ సేనలకూ వాళ్లతో కలిసిన త్లాష్కలా తదితర స్థానిక సేనలకూ ఓడిపోయారు. లొంగదీసింది స్పెయిన్ ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి వీళ్లతో పోరాడి విసిగిన పొరుగువాళ్లు కూడా. స్పానిష్ సేనాని కోర్తేస్‌ను చూసి కెత్సల్‌కోవాట్ల్ దేవుడే తిరిగొచ్చాడనుకున్నారన్న కథ ఓటమి తర్వాతి రాతల్లో పెరిగిందే. కొన్ని పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది గానీ పిల్లలతో దాన్ని బట్టీ పట్టించడం అనవసరం.

ఇక అసలు సంగతి బలి. దీన్ని దాటేయకూడదు, పల్చన చేయకూడదు. తాళంచెవి ఒక మాటలో ఉంది: నెష్ట్‌లావల్లి, అంటే అప్పు తీర్చడం. వాళ్ల పురాణం ప్రకారం ఇప్పటికి నాలుగు సూర్యులు పుట్టి నశించారు, మనది ఐదోది. అది వెలగడానికి తెయోతివాకాన్ అనే చోట నానావాట్సిన్ అనే పుండ్లతో బాధపడే పేద దేవుడు నిప్పుల్లో దూకాడు. డాబు చేసిన తెకుసిస్‌తెకాట్ల్ నాలుగుసార్లు వెనక్కి తగ్గి, ఆ తర్వాత దూకి చంద్రుడయ్యాడు. అప్పటికీ సూర్యుడు కదలలేదు. మిగతా దేవతలు తమ రక్తమిస్తేనే కదిలాడు. దేవతలు అలా ఇచ్చిన దానికి మనుషులు బాకీ పడ్డారన్నది వాళ్ల లెక్క. దేవ, ఋషి, పితృ ఋణాలంటూ ఇంట్లో విని పెరిగిన పిల్లలకు ఈ ఒక్క మాటతో సగం పాఠం ఎక్కుతుంది. పోలిక అక్కడితో ఆపండి. మన ఋణాలు తీరే దారులు వేరు.

ఆ బాకీలో రోజువారీ వాయిదా మనిషి ప్రాణం కాదు. మగ్వే అనే కిత్తనారలాంటి మొక్క ముల్లుతో చెవి తమ్మెనో నాలుకనో పిక్కనో గుచ్చుకుని నాలుగు చుక్కలు కాగితం మీద వేయడం, కోపాల్ సాంబ్రాణి పొగ, కౌజుపిట్టలు... ఎక్కువగా ఇవే. నరబలికి బందీలు ఎక్కువగా యుద్ధంలో దొరికేవారు. యుద్ధంలో చంపినవాడికంటే ప్రాణాలతో పట్టి తెచ్చినవాడికే పదోన్నతి. పట్టినవాడు బందీని "నా ప్రియమైన కొడుకు" అనేవాడు, బందీ అతణ్ని "నా ప్రియమైన తండ్రి" అనేవాడు. బలి తర్వాత తినే బందీ మాంసాన్ని పట్టినవాడు ముట్టేవాడు కాదు, నన్ను నేనే తింటానా అని. ఈ వివరాలు ఫ్రాన్సిస్కన్ సన్యాసి సహాగున్, నవాట్ల్ మాట్లాడే నవా రాయసగాళ్లు కలిసి 16వ శతాబ్దంలో పన్నెండు పుస్తకాలుగా కూర్చిన దాంట్లో ఉన్నాయి. ప్రాజెక్టులో పిల్లలు చేసే మామూలు తప్పు: కత్తిని నల్లటి అబ్సిడియన్‌తో గీస్తారు. బలికి వాడింది తెక్పాట్ల్, చెకుముకి రాయి కత్తి. అబ్సిడియన్ అంచు పదునే గానీ ఎముక తగిలితే పెళుసుగా విరుగుతుంది.

అసలు ఈ బలులు జరిగిన పెద్ద గుడి కట్టడమే ఒక పురాణం. కోవాట్లిక్వె అనే తల్లి దేవత కోవాతెపెక్ కొండ మీద ఊడుస్తుంటే ఈకల ఉండ ఒకటి పడి గర్భవతి అయింది. కూతురు కొయొల్‌షావ్‌కి, నాలుగు వందల మంది కొడుకులు ఆమెను చంపబోతే, కడుపులోంచి ఆయుధాలతో పుట్టిన యుద్ధ దేవుడు విత్సిలోపోచ్ట్లి అక్కను ముక్కలుగా నరికి కొండ మీంచి దొర్లించాడు. తెంప్లో మాయోర్ అని ఇప్పుడు పిలిచే పెద్ద గుడి ఆ కొండకు ప్రతిరూపం. పైన రెండు గర్భగుళ్లు: ఒకటి విత్సిలోపోచ్ట్లికి, ఒకటి వాన దేవుడు త్లాలోక్‌కు. బలి అయిన దేహం మెట్ల మీంచి దొర్లి ఎక్కడ పడేదో సరిగ్గా అక్కడ, 1978 ఫిబ్రవరిలో కరెంటు కంపెనీ కూలీలకు మూడు మీటర్లకు పైగా వెడల్పున్న రాయి తగిలింది. మీద కొయొల్‌షావ్‌కి ముక్కలైన రూపం. విత్సిలోపోచ్ట్లి వైపు జరిగే బలి ఆ కథను మళ్లీ జరిపించడమే. పిల్లలకు మెట్లు, కొండ, రాయి ఒక కాగితం మీద గీసి చూపించండి. బొమ్మ అర్థమయ్యాక "పిచ్చివాళ్లు" అన్న మాట రాదు.

సంఖ్యల దగ్గర లెక్కల నోట్సు తీయండి. 1487లో అవిత్సోట్ల్ రాజు గుడి విస్తరణ పండుగకు నాలుగు రోజుల్లో 80,400 మందిని బలిచ్చాడని స్పానిష్ కాలపు రాతల్లో ఉంది. నాలుగు రోజులంటే 5,760 నిమిషాలు. అంటే రాత్రీ పగలూ ఆపకుండా నిమిషానికి 14 మంది! కపాలాల కొయ్యచట్రంలో 1,36,000 పుర్రెలు ఉన్నాయని కోర్తేస్ సైనికుడొకడు రాశాడు. 2015 నుంచి మెక్సికో నగర కేథడ్రల్ వెనక పురావస్తు శాఖ తవ్వుతున్న పుర్రెల గోపురంలో 2020 చివరికి గుర్తించినవి 603. తవ్వింది కొంత భాగమే, కాబట్టి అదే మొత్తమనుకోకూడదు. రెండు వైపులా జారిపోతారు పిల్లలు: అన్నీ అబద్ధాలనో, అన్నీ నిజాలనో. ఆ పుర్రెల్లో ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా ఉన్నాయి.

"పిల్లల్ని కూడానా?" అని అడుగుతారు, తప్పదు. అవును. త్లాలోక్ వైపు ఒకే గుంటలో కనీసం 42 మంది పిల్లల ఎముకలు దొరికాయి. 1454 నాటి ఘోర కరువుతో దాన్ని ముడిపెడతారు. పదకొండు పన్నెండేళ్ల పిల్లకు ఈ మాట రాత్రి పడుకునే ముందు కాదు, పగటిపూట చెప్పాలి.

ఆ వెంటనే రెండో ప్రశ్న: "మన దగ్గర?" మేడారం జాతరలో, ఊరి పోచమ్మ దగ్గర కోళ్లూ మేకలూ కోస్తారని, గుమ్మడికాయ పగలగొట్టి కుంకుమ అద్దడం వెనక కూడా బలి ఆలోచన ఉందని చెప్పేయండి. ఖోండులనే గిరిజనుల్లో మెరియా అనే నరబలిని ఆపడానికని కంపెనీ ప్రభుత్వం 1845లో ప్రత్యేక ఏజెన్సీయే పెట్టింది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం కొండల్లో. అక్కడా రాసింది గెలిచినవాడే, ఆ రాతలే కొండల్లోకి చొరబడటానికి సాకయ్యాయి. స్పానిష్ రాతలు చదివేటప్పుడు ఏ కన్ను పెట్టాలో పిల్లలకు ఇదే నేర్పుతుంది. "మనవాళ్లు ఎప్పుడూ చేయలేదు" అని బుకాయిస్తే రెండేళ్లకు ఇంటర్నెట్‌లో చూసి మన మిగతా మాటలు కూడా నమ్మరు.

పాఠ్యపుస్తకాలు నిర్లక్ష్యం చేసేది సంసారాన్ని. బిడ్డ పుట్టగానే జోస్యుడు 260 రోజుల పంచాంగంలాంటి పుస్తకం విప్పి పుట్టిన రోజు గుర్తు చూసేవాడు. మంచిది కాకపోతే స్నానం చేయించి పేరు పెట్టే రోజును మంచి గుర్తుకు జరిపేవారు. బారసాల ముహూర్తం చూసిన ఇంట్లో దీనికి వివరణ అక్కర్లేదు. మగబిడ్డ బొడ్డుతాడు యుద్ధభూమిలో, ఆడబిడ్డది పొయ్యి దగ్గర పాతేవారు. 1540ల నాటి మెండోసా చిత్రగ్రంథంలో వయసును బట్టి పిల్లల తిండి ఉంది: మూడేళ్లకు పూటకు అర రొట్టె, నాలుగైదేళ్లకు ఒకటి, ఆరు నుంచి పన్నెండు దాకా ఒకటిన్నర, పదమూడుకు రెండు. పదకొండేళ్లవాడు మాట వినకపోతే మిరపకాయ పొగ పట్టేవారు. మన పిల్లలు నవ్వేదీ, అమ్మమ్మను అనుమానంగా చూసేదీ ఇక్కడే. మామూలు ఇళ్ల పిల్లలకు వాడవాడలా తెల్పోచ్‌కల్లి అనే బడి, దొరల పిల్లలకూ కాబోయే పూజారులకూ కల్మెకాక్ అనే బడి. యువకులు కల్లు తాగితే కఠిన శిక్ష. డెబ్బై ఏళ్లు దాటి మనవలున్నవాళ్లకు మాత్రం అడ్డు లేదు.

ప్రాజెక్టుకు చాలామంది సూర్యశిల, అంటే అజ్‌టెక్‌లు చెక్కిన గుండ్రటి పెద్ద రాయిని ఎంచుకుంటారు. మధ్య ముఖం చుట్టూ నాలుగు చదరాలు గతించిన నాలుగు సూర్యులు: జాగ్వార్, గాలి, అగ్నివాన, నీరు. వాటి చుట్టూ ఉన్న వలయంలో రోజు గుర్తులు 20, పై నుంచి మొదలుపెట్టి గడియారానికి ఎదురు దిశలో. పేపర్ ప్లేటును 12గానో 24గానో కోస్తే మొత్తం తప్పుతుంది. ఒక్కో గడి 18 డిగ్రీలు, ప్రొట్రాక్టర్‌తో ముందే గుర్తుపెట్టాలి. జోస్యానికి వాడే 260 రోజుల చక్రం, ఏడాదికి వాడే 365 రోజుల చక్రం మళ్లీ ఒకేచోట కలిసేది 18,980 రోజులకు, అంటే 52 ఏళ్లకు. కసాగు లెక్కే. గురువు 12, శని 30 ఏళ్ల చుట్లు కలిసి మన ప్రభవాది 60 ఏళ్లయినట్టు.

బడికి ఏమైనా తీసుకెళ్లాలంటే పూజ వేషం వద్దు. అజ్‌టెక్ దేవతలను పిలిచే జపంలాంటి పాఠం మీద కాలిఫోర్నియాలో దావా పడి, 2022లో రాజీ మీద దాన్ని తొలగించారు. తినేది పంపండి. విత్సిలోపోచ్ట్లి పండుగలో దేవుడి బొమ్మను తోటకూర గింజల పిండితో చేసి, విరిచి అందరూ తినేవారు. ఆ గింజల మిఠాయి ఇప్పటికీ అలెగ్రీయా పేరుతో మెక్సికో వీధుల్లో దొరుకుతుంది. మన ఇండియన్ షాపులో రాజ్‌గిరా అని అమ్మేది అమెరికా ఖండం నుంచి మనకొచ్చిన ఆ గింజే. మిరప, టమాటా, సపోటా, దసరాకు గుమ్మానికి కట్టే బంతి కూడా అటువైపు నుంచే వచ్చాయి.

గింజలు కడగొద్దు, తడి ఉంటే పేలవు. మందపాటి మూకుడు నూనె లేకుండా బాగా కాగాలి. నాలుగు గింజలు వేస్తే రెండు సెకన్లలో ఎగరాలి. ఒక్కో వాయికి ఒక టేబుల్ స్పూనే. ఎక్కువ వేస్తే అడుగువి మాడి పైవి పచ్చిగా ఉంటాయి. మూత పెట్టి పది పదిహేను సెకన్లు కదిపి దించాలి. పేలనివి జల్లించకపోతే పంటి కింద ఇసక. మూడు కప్పుల పేలాలకు ముప్పావు కప్పు బెల్లం, రెండు స్పూన్ల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం. నీళ్లలో వేస్తే గట్టి ఉండ కట్టే పాకం రావాలి. తీగపాకంలో దించితే ముక్కలు రాలిపోతాయి. పొయ్యి మీంచి దించిన వెంటనే కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో అదిమి, ఐదు నిమిషాల్లో గీతలు పెట్టాలి. తొలి ఏకాదశి పేలపిండి తిన్న పిల్లలకు రుచి కొత్తేమీ కాదు. వేరుశెనగ చాలా స్కూళ్లలో నిషేధం, దాని బదులు వేయించిన గుమ్మడి గింజలు పైన అద్దండి. మెక్సికోవాళ్లూ అలాగే వేస్తారు.