32 మిల్లీమీటర్ల గర్వం

కడపలో వంపు హ్యాండిలు ఉన్న రోడ్ బైక్ సైకిళ్ళు తొక్కేవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందీ ఆదివారం తెల్లవారుజామున రాయచోటి దారిలోనో, ఒంటిమిట్ట దారిలోనో ఎదురుపడుతూనే ఉంటారు కాబట్టి, ఎవరి బండికి ఏ మార్పు జరిగిందో మిగతా అందరికీ వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. కొత్తగా ఎవరైనా సైకిలు కొనుక్కుని వస్తే ధర అడగడం, పై గొట్టం కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి బరువు చూడడం మర్యాద ప్రకారం జరిగిపోతాయి. ఆ తరువాత టీ కొట్టు గోడకు సైకిళ్ళు ఆనించి కూర్చున్నప్పుడు నడిచే అసలు చర్చ మాత్రం ధర గురించీ కాదు, బరువు గురించీ కాదు. ఏ సీటు మార్చావు, టైరులో గాలి ఎంత పెట్టావు, హ్యాండిలు ఎంత పైకి తెచ్చావు అన్నవే అక్కడ ప్రశ్నలు. దుకాణంలో ఉన్నది ఉన్నట్టుగా తెచ్చుకుని తొక్కేవాడి బండి ఎంత ఖరీదైనదైనా, మా మధ్య దానికి దక్కే గౌరవం కొంచెం తక్కువే.

దీనికి కారణం మా రోడ్లలో ఉంది. కర్నూలు నుంచి కడప మీదుగా రాయచోటి వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి చాలా మేరకు నున్నగానే ఉంటుంది. అయితే ఊరు వచ్చే ముందల్లా వేగం తగ్గించడానికి వేసిన తెల్ల పట్టీలు వరుసగా తగులుతాయి, లారీలు అదే పనిగా నడిచే ఎడమ అంచున తారు గట్లు కట్టి ఉంటుంది. ఎర్రగుంట్ల వైపు పోతే సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు, వాటి నుంచి రాలిన రాతి ముక్కలు. పుష్పగిరి వైపు పోయే చిన్న దారుల్లో తారు అరిగిపోయి కంకర పైకి తేలి ఉంటుంది. ఆ కంకర మీద గంటసేపు తొక్కితే, సైకిలు ఏ లోహంతో చేసినదో చేతి వేళ్ళే చెబుతాయి.

అందుకే మేము మొదట మార్చేది టైరు. పదిహేనేళ్ళ కిందటి వరకు రోడ్ బైకుకు 23 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేసి, అందులో 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టి, బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండడమే వేగానికి గుర్తు అనుకునేవారు. ఇప్పుడు ఆ లెక్క తారుమారైంది. ఒకే ఒత్తిడి దగ్గర వెడల్పు టైరు రోడ్డును తాకే చోటు పొట్టిగా, అడ్డంగా విస్తరించి ఉంటుంది కాబట్టి రబ్బరు వంగే మేర తగ్గుతుంది, దానితో పాటు దొర్లుడులో పోయే శక్తీ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి గులకరాయికీ సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది, ఆ ఎగురుడులో కండరాలు అదిరి, ముందుకు పోవలసిన బలం వేడిగా మారి పోతుంది. మెత్తని టైరు ఆ గులకరాయిని తనలో ఇముడ్చుకుని దాటేస్తుంది. ఉత్తర ఫ్రాన్సులో 1896 నుంచి రాళ్ళు పరచిన దారుల మీద జరుగుతున్న పారిస్–రూబే పందెంలో ఈ రోజు వృత్తి పోటీదారులే 30, 32 మిల్లీమీటర్ల టైర్లు వేసుకుంటున్నారంటే, పుష్పగిరి కంకర మీద మనకు 23 ఎందుకు?

నిజానికి గాలి నింపిన టైరు పుట్టిందే సుఖం కోసం. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బోయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ వీధిలో ఎగిరెగిరి పడకుండా ఉండాలని దానికి గాలి గొట్టాలు తొడిగాడు. మరుసటి ఏడాది విల్లీ హ్యూమ్ అనే పోటీదారు అలాంటి టైర్లతో పందేలు గెలిచాకనే, అది వేగానికి కూడా పనికివస్తుందని లోకం గుర్తించింది. సుఖం ముందు, వేగం తరువాత అన్న ఈ వరుసను మా టీ కొట్టు చర్చల్లో నేను వీలైనప్పుడల్లా గుర్తు చేస్తుంటాను, వినేవాళ్ళకు విసుగు వస్తున్నా సరే.

నా అల్యూమినియం సైకిలుకు ఇప్పుడు 32 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి. నా బరువుకు వెనుక 60, ముందు 55 పీఎస్ఐ సరిపోతుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు ఇంకొంచెం పెంచుకోవాలి, సన్నగా ఉన్నవాళ్ళు తగ్గించుకోవచ్చు. మా ఎండాకాలంలో ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున 27 డిగ్రీల చల్లదనంలో 80 పీఎస్ఐ కొట్టిన టైరు, లోపలి గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే 85 దాటుతుంది. తారు మీద కాగిన టైరులోని గాలి అంతకన్నా వేడిగానే ఉంటుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో దూరం వెళ్ళేవాళ్ళు పొద్దున కొంచెం తక్కువ గాలితో బయలుదేరడం మేలు.

టైరు గురించి చెబుతూ పల్లేరుకాయల గురించి చెప్పకపోతే సీమవాడు రాసిన రాత కాదు. సైకిలు దిగి రోడ్డు పక్క మట్టిలో రెండడుగులు నడిపిస్తే చాలు, ఒక్కొక్క టైరుకు నాలుగైదు గుచ్చుకుని ఉంటాయి, వాటికి సర్కారు తుమ్మ ముళ్ళు తోడు. ఈ బాధ పడలేకనే మాలో కొందరు ట్యూబు లేని టైర్లకు మారి, లోపల రబ్బరు పాల ద్రవం పోయించుకున్నారు. ముల్లు దిగిన చిన్న రంధ్రాన్ని ఆ ద్రవమే పూడ్చేస్తుంది. అయితే మన వేడికి అది చల్లని దేశాల్లో కన్నా త్వరగా ఎండిపోతుంది కాబట్టి, డబ్బా మీద రాసిన గడువును నమ్ముకోకుండా ముందే విప్పి చూసుకోవాలి. ట్యూబులతోనే ఉన్నవాళ్ళు జేబులో చిన్న ఇత్తడి అడాప్టరు తప్పక పెట్టుకోవాలి, ఎందుకంటే మా ఊళ్ళ పంక్చరు షాపుల్లో కంప్రెసరు గొట్టం సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు. ఆ ఇత్తడి ముక్క లేక ఒక పూటంతా చెట్టు కింద కూర్చున్నవాళ్ళు మా గుంపులో ఉన్నారు.

ఇక సీటు. మామూలు జనం మమ్మల్ని ఎక్కువగా ప్రశ్నించేది దీని గురించే. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు ఒక పెద్దాయన నా సైకిలు చుట్టూ తిరిగి చూసి, "ఏం నాయనా, ఇంత సన్న సీటు మీద ఎట్ల కూర్చుంటావు, నొప్పి పుట్టదా?" అని అడిగారు. వెడల్పుగా, మెత్తగా ఉన్నదే సుఖమన్నది సహజంగా అందరికీ తోచే మాట, రెండు మూడు కిలోమీటర్ల సంత ప్రయాణానికి అది నిజం కూడా. గంటల తరబడి తొక్కేటప్పుడు మాత్రం మెత్తని స్పాంజి కుంగిపోయి, బరువు మోయవలసిన కూర్చునే ఎముకలను వదిలేసి, మధ్యనున్న సున్నితమైన భాగం మీద ఒత్తిడి వేస్తుంది, తిమ్మిరి మొదలయ్యేది అక్కడే. కాబట్టి చూడవలసింది మెత్తదనం కాదు, ఆ రెండు ఎముకల మధ్య దూరం. ఒక అట్టముక్క మీద కొంచెం ముందుకు వంగి గట్టిగా కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పున్న సీటు, మధ్యలో ఒత్తిడి తగ్గించే గాడి ఉన్నది ఎంచుకుంటే సగం సమస్య తీరుతుంది.

మా గుంపులో అందరూ అసూయపడే సీటు ఒక ప్రభుత్వ వైద్యుడిది. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ సంస్థ తోలు సీటును ఆయన తన ఉక్కు సైకిలుకు బిగించుకున్నారు. కొత్తలో అది చెక్కలా ఉంటుంది. తొక్కగా తొక్కగా కూర్చునేవాడి ఎముకల చోట గుంటలు పడి, అతనికే అతికినట్టు తయారవుతుంది. ఆయన దాన్ని ఎవరినీ ఎక్కనివ్వరు, ఎండలో వదలరు, వాన చినుకు పడితే ప్లాస్టిక్ సంచి తొడుగుతారు, అడుగున మైనం రాస్తారు. చంటిపిల్లను సాకినట్టు సాకుతున్నారని మేము నవ్వుతాం గానీ, ఆ సీటు మీద పడిన గోధుమరంగు మెరుపును మళ్ళీ మళ్ళీ చూడకుండా ఉండలేము. నా మటుకు నాకు చెమటకూ వానకూ ఓర్చుకునే గాడి సీటే మేలనిపిస్తుంది.

సీటు ఎంత మంచిదైనా ఎత్తు సరిగా లేకపోతే వృథా. చెప్పులు విప్పి గోడకు ఆని నిలబడి కాలి లోపలి పొడవు కొలిచి, దాన్ని 0.883తో గుణించి, పెడల్ కడ్డీలు తిరిగే చట్రం కింది ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు అంత దూరం పెట్టుకోవడం మంచి మొదలు. 80 సెంటీమీటర్ల కాలికి 70.6 వస్తుంది. అక్కడి నుంచి మోకాలి మాట విని ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుకోవచ్చు. ప్యాడు కుట్టిన బిగుతు నిక్కరు కూడా సీటులో భాగమే. దాని కింద మరో లోదుస్తు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఆ నిక్కరుతో ఊళ్ళో టీ తాగడానికి బిడియపడి, పైన వదులైన ట్రాక్ ప్యాంటు లాక్కునేవాళ్ళు మాలో సగానికి పైగా ఉన్నారు.

హ్యాండిలు దగ్గర చేయవలసింది తక్కువ, ఫలితం ఎక్కువ. దుకాణం నుంచి వచ్చిన, హ్యాండిలును ముందు ఫోర్కుకు కలిపే స్టెమ్‌ను విప్పి తిరగేసి బిగిస్తే, రూపాయి ఖర్చు లేకుండా హ్యాండిలు రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పోటీ సైకిలు రూపం పోతుందని కొందరు దీన్ని ఒప్పుకోరు. మెడ నొప్పితో మధ్యాహ్నం మంచం ఎక్కేవాళ్ళకు రూపం దేనికో నాకు అర్థం కాదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున పోయే అల్నార్ నరం నలుగుతోందని అర్థం. హ్యాండిలుకు చుట్టిన టేపు కింద జెల్ పట్టీలు పెట్టి పైన మరో వరస టేపు చుట్టించుకుంటే చాలావరకు తగ్గుతుంది, చేయి పెట్టే చోటు తరచుగా మార్చుకోవడం అంతకన్నా మంచి మందు.

గేర్లను సుఖం లెక్కలో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను, గువ్వలచెరువు ఘాటు ఎక్కినవాళ్ళు ఒప్పుకుంటారు. ముందు 34 పళ్ళు, వెనుక 25 పళ్ళు ఉన్నప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 2.9 మీటర్లు పోవాలి. వెనుక 34 పళ్ళ చక్రం వేయిస్తే 2.1 మీటర్లు పోతే చాలు. ఆ తేడా మోకాలికి తెలుస్తుంది. పక్కనే లారీ మూలుగుతూ ఎక్కుతుంటే ఊపిరి అందే వేగంతో మనమూ ఎక్కవచ్చు. చైను దాటించే వెనుక డెరైలరు అంత పెద్ద చక్రాన్ని పట్టగలదో లేదో ముందు చూసుకోవాలి.

ఖరీదైన ఉపాయాలూ ఉన్నాయి. మా బ్యాంకు ఉద్యోగి మిత్రుడి ట్రెక్ డొమానేలో సీటు గొట్టం పై గొట్టానికి అతుక్కుని ఉండదు, ఐసోస్పీడ్ అనే కీలు మీద కొద్దిగా వంగుతుంది. 2012లో ఈ ఏర్పాటుతో ఆ సైకిలు వచ్చింది. రోడ్డు పట్టీల మీద అతను లేవకుండా కూర్చునే దాటుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. స్ప్రింగు ఉన్న స్టెమ్‌లు, రబ్బరు పొరలున్న సీటు గొట్టాలు కూడా దొరుకుతున్నాయి. అయితే 23 టైరులో రాయిలాంటి గాలి ఉంచుకుని ఇవన్నీ బిగించడం వృథా ఖర్చు అని నా అభిప్రాయం. టైరు చేసే మేలులో సగం కూడా ఇవి చేయవు.

ఇంత శ్రద్ధ దేనికంటే, దూరానికి. గడువులోగా దూరాలు ముగించే ఆడాక్స్ అనే సైకిలు యాత్రల పద్ధతి ప్రకారం 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. ఈ గడువుల్లో గెలుపు ఓటములు లేవు, ముగించడమే ఉంది. అక్కడ బండి అర కిలో తేలిక కావడం వల్ల కలిసివచ్చేది తక్కువ, నడుము నొప్పికి పదే పదే ఆగడం వల్ల పోయేది చాలా ఎక్కువ. పోటీ సైకిలు 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదన్న నియమం అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యది. మడ్‌గార్డులు, సంచి, రెండు నీళ్ళ సీసాలు తగిలించుకున్న మా బళ్ళకు ఆ నియమంతో ఎప్పటికీ పేచీ రాదు.

మా తాత తొక్కిన నల్ల సైకిలు టైరు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. సీటు కింద స్ప్రింగులు, హ్యాండిలు నడుము నిటారుగా ఉండేటంత ఎత్తు. మేము ఇప్పుడు డబ్బు పెట్టి ఒక్కొక్కటిగా తెచ్చుకుంటున్నవి చాలావరకు దానికి ముందే ఉన్నాయని మా నాన్న ఎగతాళి చేస్తారు. గేర్లు లేవు కదా నాన్నా అంటే మాత్రం మాట మార్చేస్తారు.

రోడ్ బైకు కొత్తగా కొనాలనుకునేవాళ్ళు నన్ను అడిగితే రంగు కన్నా, గేర్ల సంఖ్య కన్నా ముందు ఒకటే చూడమంటాను: ముందు ఫోర్కులో, వెనుక చట్రంలో టైరుకు పక్కన ఎంత ఖాళీ ఉంది? చక్రం అంచును నొక్కి ఆపే పాత రిమ్ బ్రేకుల సైకిళ్ళలో చాలా వాటికి 25 లేదా 28 దాటి పట్టదు. డిస్క్ బ్రేకులున్న కొత్తవాటిలో 32, 35 కూడా పడుతున్నాయి. సీటు, స్టెమ్, టేపు, గేర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చట్రంలో లేని చోటును మాత్రం ఏ మెకానిక్కూ తెచ్చి పెట్టలేడు.