తిలేషు తైలం: సంక్రాంతి నువ్వుల అచ్చు

శ్వేతాశ్వతరోపనిషత్తు మొదటి అధ్యాయం 15వ మంత్రం దగ్గరికి వచ్చేసరికి నా పారాయణ ప్రతిసారీ ఆగిపోతుంది. "తిలేషు తైలం దధినీవ సర్పిః..." నువ్వుల్లో నూనె, పెరుగులో నెయ్యి, ప్రవాహాల్లో నీరు, అరణి కట్టెలో అగ్ని ఎలా దాగి ఉంటాయో, మనలో పరమాత్మ అలా ఉన్నాడట. ఋషి నాలుగు పోలికలు చెప్పాడు. నేను మాత్రం మొదటిదాని దగ్గరే కూర్చుండిపోతాను.

నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. అయినా గుప్పెడు నువ్వులు పట్టుకుని వదిలేసి చూడండి, అరచేతికి ఏ జిడ్డూ అంటదు. సగానికి సగం తానే అయి ఉండి కూడా ఆ స్వామి ఎంత గుట్టుగా కూర్చున్నాడో! మరి దొరికేది ఎవరికి? మంత్రం చివర ఉంది: "సత్యేనైనం తపసా యోఽనుపశ్యతి". సత్యంతో, తపస్సుతో చూసేవాడికి.

తపస్సు అనగానే మనకి అడవులూ జడలూ గుర్తొస్తాయి. నాకు సంక్రాంతి తెల్లవారుజామున తలస్నానం చేసి, నైవేద్యానికి నువ్వుల అచ్చు చేయడం కోసం పొయ్యి మీద పెట్టిన ఇనప మూకుడు గుర్తొస్తుంది. తొందరపడి మంట పెంచితే నువ్వులు మాడి చేదెక్కుతాయి. సన్నసెగ మీద, చెయ్యి ఆపకుండా, ఇంకో పని పెట్టుకోకుండా వేయించాలి. కాసేపటికి ఒక్కొక్క గింజా చిటపటమంటూ ఎగురుతుంది, కమ్మని వాసన లేస్తుంది. అప్పుడు నాలుగు గింజలు వేళ్ళ మధ్య నలిపితే వేలికి నూనె తగులుతుంది. అంతవరకూ లేనట్టే ఉన్నది బయటపడుతుంది. ఆ క్షణంలో ఈ మంత్రం నోటికి రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న పండక్కి ఒకరింటికి పేరంటానికి వెళ్ళాను. దేవుడి ముందు సీలు కూడా విప్పని నువ్వుల అచ్చు, అదే చిక్కీ, ప్యాకెట్ ఉంది. మనసు చివుక్కుమంది. కొనడం పాపమని అనను. ఒంట్లో ఓపిక లేనివాళ్ళు, పండగ పూట కూడా డ్యూటీకి పరుగెత్తేవాళ్ళు కొనుక్కొచ్చి, శుభ్రంగా పళ్ళెంలో పెట్టి చేతులు జోడిస్తే స్వామి ఎందుకు కాదంటాడు? ఓపికా తీరికా ఉండి, సీరియల్ చూస్తూ గంటలు గడిపేవాళ్ళ గురించే నా బాధంతా. పావుగంట సెగ దగ్గర నిలబడలేమా అమ్మా?

నైవేద్యానికి వండేది రుచి చూడం కదా. అందుకే మా అమ్మ ఏనాడూ పాకాన్ని నాలుకతో చూడలేదు, చెవితో చూసేది. కప్పు నువ్వులకి ముప్పావు కప్పు బెల్లం తురుము, కాసిని నీళ్ళు. కరిగాక ఇసుక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టేది. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి, ఉండ చేసి, పళ్ళానికేసి కొడితే ఠంగుమనాలి. మెత్తగా చప్పుడు లేకుండా పడిందంటే ఇంకాసేపు ఆగాలి. సత్యం అంటే నాకు ఆ వంటే. నాకు ఎలా ఉందన్న ప్రశ్నే లేకుండా, పూర్తిగా ఆయన కోసమని చేసిన పని. తినకుండానే తీపిని నమ్మడం!

నువ్వులంటే తర్పణాలకే అని ముఖం ముడుచుకునేవాళ్ళూ ఉన్నారు. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతి అంటేనే పెద్దల పండగ. నల్లనువ్వులతో పెద్దలకు నీళ్ళు వదిలిన ఇంట్లోనే తెల్లనువ్వుల తీపి చేసుకుంటాం. అందులో అశుభం ఏముంది?

విశాఖలో ఉండి బెల్లానికి లోటు లేదు. పక్కనే అనకాపల్లి. పూర్ణా మార్కెట్‌లో ముదురు రంగు దిమ్మ అడిగి తీసుకోండి. తెల్లగా మెరవడానికి రసాయనం వేసింది స్వామికి ఎందుకు? పాకంలో నువ్వులు, చెంచా నెయ్యి, ఏలకుల పొడి కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో వేసి, అప్పడాల కర్రతో పరిచి, వేడి మీదే గాట్లు పెట్టాలి. చల్లారాక విరవబోతే ముక్కలు పద్ధతిగా రావు. మన సముద్రపు గాలికి తొందరగా చెమ్మగిల్లుతుంది కాబట్టి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

వచ్చే సంక్రాంతికి పావుకిలో నువ్వులు చాలు, చేసి చూడండి. పిల్లల ఫోన్లు కాసేపు పక్కన పెట్టించి పొయ్యి దగ్గరికి పిలవండి, ఆ ఠంగుమన్న చప్పుడు వాళ్ళ చెవులతో విననివ్వండి. ఆదిత్య హృదయం వస్తే చదవండి, రాకపోతే సూర్యుడికి ఎదురుగా నిలబడి నమస్కారం చేసుకోండి. నివేదన అయ్యాక మొదటి ముక్కలు మీ వాచ్‌మన్ పిల్లలకో, చెత్త తీసుకెళ్ళే అమ్మకో ఇవ్వండి. అంతవరకూ ఇంట్లో ఎవరూ నోట్లో వేసుకోవద్దు.